రెండో చరణంలో దగ్గు

"మూడొంతెనల కాడ ముత్తెమంత వాన".
మీరూ వినే ఉంటారు.
విననివాళ్ళు గుంటూరులో పుట్టి ఉండరు,
పుట్టినా మా రోజుల్లో పెళ్ళిభోజనాలకి వెళ్ళి ఉండరు.

తొంభై ఒకటి, ఏప్రిల్.
పట్నంబజారులో టేపుల కొట్టు వెనక గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, కిటికీకి గోనెపట్టా.
ఫ్యాను వేస్తే రొద, ఆపితే ఉక్క.
ఆపేసి కూర్చున్నాం ఆరుగురం.

కొండ్రు సువార్త మిర్చియార్డు నించి తిన్నగా వచ్చింది.
పొద్దుటినించీ ముచ్చికలు తీసిన వేళ్ళు భగ్గుమంటుంటే
మజ్జిగ గిన్నెలో ముంచుకుని పాడింది.
ఆమె కుచ్చెళ్ళలోంచి లేచిన ఘాటు
మెల్లగా గదంతా పరుచుకుంది.

రెండో చరణంలో "గొడుగు మరిచినోడా" తర్వాత
ఊపిరి తీసుకునేంత ఖాళీ.
అందులో పడింది ఒక దగ్గు.
చిన్నదే. సగంలో నొక్కేసింది.
"మళ్ళీ పాడతానండీ" అంది సువార్త.
భద్రయ్యశెట్టి గడియారం చూశాడు.
ఆరింటికి కరెంటు పోతుంది,
డోలక్ అతనికి బాపట్ల రైలుంది.
"అంత శ్రద్ధగా ఎవడు వింటాడమ్మా!"

అందరూ విన్నారు.

తొలకరికల్లా కిళ్ళీకొట్లలో, తెనాలి బస్సుల్లో, రంగులరాట్నం పక్కన
పిల్లకాయలు పల్లవి వదిలేసి దగ్గు నేర్చుకున్నారు.

ముందుగా బ్యాండుమేళం వాళ్ళు ఎత్తుకున్నారు.
క్లారినెట్ మస్తాన్‌వలి ఆ చోటికి రాగానే
పీక కొరికి కీచుమనిపించేవాడు,
పెళ్ళికొడుకు బావమరుదులు అతని కాలరుకి నోట్లు గుచ్చేవాళ్ళు.
తొంభై నాలుగులో పాట జీపెక్కింది.
వాన పోయి ఓటొచ్చింది, గొడుగు పోయి గుర్తొచ్చింది.
దగ్గు మాత్రం దిగలేదు.
ఎదుటి పార్టీవాళ్ళు అదే బాణీలో రెండు దగ్గులు పెట్టారు.
అమరావతి రోడ్డులో ఒక చర్చివాళ్ళు క్రిస్మస్ పాటగా మార్చి
దగ్గు బదులు గంట మోగించారు.
అయినా వెనక బల్లల్లో ఎవరో ఒకరు అలవాటు చొప్పున దగ్గేవారు,
పాస్టరుగారు ఒక కన్ను తెరిచేవారు.
ఆ తర్వాత హైదరాబాదులో ఎవరో కుర్రాడు
దగ్గుని కోసి, ముప్ఫైరెండు సార్లు అతికించి
దాన్నే తాళం చేశాడు. అందులో పాటని వెతుక్కోవాలి.

మొన్న టీవీలో, జడగంటల తొమ్మిదేళ్ళ పిల్ల
అరచెయ్యి గుండెకానించుకుని మరీ దగ్గింది.
జడ్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"ఆ తల్లి బతుకంతా ఆ దగ్గులో ఉంది" అన్నాడు.

లేదండీ.
ఆ దగ్గు నాది.
టేపు మెషీను దగ్గర కూర్చున్న పద్దెనిమిదేళ్ళవాణ్ణి,
మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకునేలోపే వచ్చేసింది.
సువార్తకి క్షయ అని ఊళ్ళో పుకారు లేచినప్పుడూ
నోరు విప్పలేదు.
మద్రాసు నించి పిలుస్తామన్నవాళ్ళు మళ్ళీ ఉత్తరం రాయనప్పుడూ
విప్పలేదు.

నిన్న నల్లచెరువు వెళ్ళాను.
అరుగు మీద బియ్యంలో రాళ్ళేరుతోంది.
చెప్పాను. చేట దించలేదు.
"నాకు తెలవదేంట్రా?
నా మెడమీదే గదా పడింది నీ ఊపిరి."
"మరి అప్పుడే అనలేదేం?"
"అంటే నీ పని పోద్ది. నాకెట్టాగూ యార్డుంది."

కాసేపాగి అడిగింది:
"ఆ రోజు శెట్టి నీకెంతిచ్చాడు?"
"నూటయాభై."
"నాకు రెండొందలు."
రాయి ఒకటి తీసి వీధిలోకి విసిరింది.
"నాలుగు నిమిషాల పాటకి రెండొందలు,
ఒక్క దగ్గుకి నూటయాభై.
మంచి బేరం నీదేరా."

నవ్వుతూనే రెండో చరణం ఎత్తుకుంది,
గొంతు కొంచెం బొంగురు, శ్రుతి అదే.
"గొడుగు మరిచినోడా"
అక్కడ ఆగి
నావైపు చూసింది.

నాకు దగ్గు రాలేదు.